ఐపీ పెట్టాక మిగిలే బాకీ

అప్పుల్లో మునిగినవాళ్ళ గురించి చెప్పడానికి తెలుగులో మాటలకి కొదవ లేదు. బోర్డు తిప్పేశాడు, చేతులెత్తేశాడు, కుచ్చుటోపీ పెట్టాడు, పంగనామాలు పెట్టాడు. ఇదొక వరస. చితికిపోయాడు, దెబ్బతిన్నాడు, ఉన్నదంతా ఊడ్చుకుపోయింది పాపం. ఇది రెండో వరస. మొదటి వరసలో కోపం, రెండో వరసలో జాలి. ఈ రెండిటి మధ్య ఒక కోర్టు మాట ఉంది: ఐపీ. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్‌కి పొట్టిపేరు. ఇంగ్లీషు ముక్క రానివాళ్ళు కూడా "ఫలానావాడు ఐపీ పెట్టేశాడంట" అని సులువుగా అనేస్తారు.

చట్టం దృష్టిలో అదొక దరఖాస్తు. నా దగ్గరున్నది ఇంత, నేనివ్వాల్సింది ఇంత, తీర్చలేను, తేల్చండి అని చేసుకునే విన్నపం. కానీ జనం నోట్లో ఐపీ మొదటి వరసలోకే చేరింది. వ్యాపారం పోయి, పొలం అమ్ముకుని, ఊరొదిలి వెళ్ళిపోయినవాడు "పాపం". అదే మనిషి కోర్టుకెళ్ళి కాగితం పెడితే "దొంగ". నష్టం అదే, అప్పూ అదే. కోర్టు గుమ్మం ఎక్కడమొక్కటే తేడా. ఈ తేడా మనవాళ్ళకి అంత పెద్దదిగా ఎందుకు కనిపిస్తుందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. మా మేనత్తకి ఐపీ నోటీసు వచ్చాక కొంత అర్థమైంది.

ఆవిడ రిటైరైన టీచరు. కోస్తాలో ఒక చిన్న పట్టణం. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో ఆరు లక్షలు అదే వీధిలో బట్టలకొట్టున్న ఆయనకిచ్చింది. రెండు రూపాయల వడ్డీ. అంటే నూటికి నెలకి రెండు, ఏడాదికి ఇరవై నాలుగు. నోటు రాయించుకుంది. మూడేళ్ళు దాటితే చెల్లదని ఒకసారి తిరగరాయించుకుంది కూడా. ఆయన "టీచరుగారూ" అంటూ ప్రతి నెలా ఐదో తారీఖుకల్లా పన్నెండు వేలు ఇంటికి తెచ్చి ఇచ్చేవాడు. కోవిడ్‌లో రెండు పెళ్ళిళ్ళ సీజన్లు పోయాయి. ముందు వడ్డీ ఆగింది, తర్వాత ఆయన కనబడటం ఆగింది, ఆ తర్వాత రిజిస్టర్డ్ పోస్టులో కోర్టు నోటీసు వచ్చింది. ముప్పై ఒక్క మంది అప్పులవాళ్ళ జాబితాలో మా అత్త పద్నాలుగో ప్రతివాది.

"డబ్బిచ్చింది నేను. ప్రతివాదిని కూడా నేనేనా?" అంది.

ఐపీ అనే మాటకి అంత చెడ్డపేరు ఎందుకొచ్చిందో ఆ ఒక్క ప్రశ్నలో ఉందనుకుంటాను. మన ఊళ్ళలో చేబదులూ నోటు అప్పూ ఇద్దరి మధ్య జరుగుతాయి. వరండాలో కూర్చుని, కాఫీ తాగి, మాట మీద నమ్మకంతో, కాగితం తర్వాత. ఇచ్చేటప్పుడు ఇద్దరే. తుడిచేసేటప్పుడు మాత్రం ముక్కూ మొహం తెలియని మూడో మనిషి వచ్చి కూర్చుంటాడు, అప్పటిదాకా నమ్మినావిడ ఎదుటి పక్షమైపోతుంది. ఊరొదిలి పారిపోయినవాడు కూడా డబ్బు ఇవ్వడు. కానీ వాడు తన బాకీని ఒప్పుకునే పారిపోతాడు. ఐపీ పెట్టినవాడు బాకీ లేకుండా చెయ్యమని అడుగుతున్నాడు. జనానికి మండేది అక్కడ.

ఈ విన్నపాలకి ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలకి 1909లోనే వేరే చట్టం చేశారు. మిగతా ఊళ్ళకి ఇది. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చింది, అందులో మనుషుల కోసం ఒక భాగం కూడా పెట్టారు. కానీ 2019 డిసెంబరు 1న ఆ భాగాన్ని కంపెనీల అప్పులకి వ్యక్తిగతంగా హామీ ఉన్నవాళ్ళ వరకే అమల్లోకి తెచ్చారు. కాబట్టి బట్టలకొట్టు పెట్టి మునిగినవాళ్ళూ చిట్టీలు నడిపి మునిగినవాళ్ళూ నూరేళ్ళు దాటిన పాత చట్టం గడపే తొక్కాల్సి వస్తోంది. ఆ చట్టంలో అప్పులు 500 రూపాయలుంటే చాలు, ఐపీ వేసుకోవచ్చు. ఆ అంకె చూస్తేనే తెలుస్తుంది అది ఏ కాలానిదో.

పాతదే అయినా చట్టం తెలివితక్కువది కాదు. పిటిషన్ వేసినవాడు తన ఆస్తులూ అప్పులూ అన్నీ రాసివ్వాలి. అప్పులవాళ్ళందరికీ నోటీసు వెళ్ళాలి. వాళ్ళు వచ్చి, అభ్యంతరం ఉంటే కౌంటరు వేయొచ్చు, బోనులో నిలబెట్టి ప్రశ్నలడిగించవచ్చు. దివాలా తీసినట్టు కోర్టు ప్రకటించాక ఆస్తంతా కోర్టు చేతికో రిసీవరు చేతికో వెళుతుంది. ఆ తర్వాత కోర్టు అనుమతి లేకుండా ఎవరికి వారు విడిగా దావాలు వేయడానికి వీల్లేదు. పిటిషన్‌కి ముందు రెండేళ్ళలో సరైన వెల లేకుండా ఎవరిపేరునైనా ఆస్తి మార్చి ఉంటే దాన్ని రద్దు చేయించవచ్చు. చివరి మూడు నెలల్లో మిగతావాళ్ళని కాదని కావాలని ఒకరికే చెల్లించి ఉంటే అదీ రద్దవుతుంది. ఆస్తి దాచితే ఏడాది దాకా జైలు.

మా అత్త దగ్గరికొచ్చిన కాగితాల్లో ఆస్తుల జాబితా అరపేజీ ఉంది. పాత స్కూటరు, కొంత సామాను, కొట్టులో మిగిలిన సరుకు. ఆ సరుకు మీద బ్యాంకు అప్పు ముందే ఉంది. ఇల్లు లేదు. ఆ ఇంట్లో ఆయన ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాడు, అప్పటికీ ఉంటున్నాడు. పిటిషన్‌కి ఏడు నెలల ముందు దాన్ని బావమరిదికి అమ్మినట్టు రిజిస్ట్రేషన్ అయింది. వీధిలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు.

కౌంటరు వేద్దామని లాయరు చెప్పిన వారంలోనే ఆయన భార్య మా అత్తని చూడ్డానికొచ్చింది. "టీచరుగారూ, మీరు కూడా కోర్టులో అడ్డం తిరిగితే ఆయన ఏమైపోతారోనని భయంగా ఉందండీ" అని ఏడ్చింది. వీధిలోవాళ్ళదీ అదే మాట. "పోనివ్వండి టీచరుగారూ, మీకు పెన్షన్ వస్తోందిగా, ఆ పాపం మీకెందుకు." నిజానికి నేనీ వ్యాసం రాయడానికి కారణం ఈ మాటే. మునిగిపోతున్న మనిషిని లెక్క అడగొచ్చా? అప్పు తీర్చలేక మనుషులు ప్రాణాలు తీసుకుంటున్న రాష్ట్రాల్లో, ఒక రిటైరైన టీచరు ఒక చితికిపోయిన వ్యాపారి మీద కోర్టులో అభ్యంతరం చెప్పడం న్యాయమేనా?

ఆ భయం ఊహ కాదు. 2010లో సూక్ష్మరుణాల వసూళ్ళ ఒత్తిడితో ఆత్మహత్యలు జరుగుతున్నాయని గొడవై, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. 2020 చివర్లో రుణ యాప్‌ల వేధింపులతో ప్రాణాలు పోయాక హైదరాబాదు పోలీసులు కేసులు పెట్టి కాల్‌సెంటర్ల మీద దాడులు చేశారు. ఆ యాప్‌లవాళ్ళు చేసిన పని ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ "వీడు దొంగ" అని మెసేజీలు పంపడం. అప్పు వసూలు చేసే పాత ఆయుధమే అది. గుమ్మం ముందు కూర్చోవడం, నలుగురిలో నిలదీయడం. వరండా పోయి వాట్సాప్ వచ్చింది.

మా అత్త పేరున్న జాబితాలోనే తొమ్మిదో నంబరు ఒక డైలీ ఫైనాన్సు ఆయన. ఆయన కోర్టులో కౌంటరు వేయలేదు. ఆయన మనుషులు బట్టలకొట్టాయన ఇంటి అరుగు మీద కూర్చునేవాళ్ళు. ఒకరోజు ఆయన కూతురు చదివే కాలేజీ గేటు దగ్గర బైకులాపి నిలబడ్డారు. ఆ పిల్ల వారం రోజులు కాలేజీకి వెళ్ళలేదు.

ఈ ఇద్దరు అప్పులవాళ్ళూ కాగితం మీద ఒకటే. ఇద్దరూ బాకీ రావాల్సినవాళ్ళే, ఇద్దరూ ఆయన్ని వదలనివాళ్ళే. కానీ ఇద్దరూ అడిగింది ఒకటి కాదు. మా అత్త అడిగింది లెక్క. ఇల్లు ఎక్కడికి పోయింది, ఆ డబ్బు ఎక్కడికి పోయింది, చెప్పు అని. తొమ్మిదో నంబరాయన అడిగింది పరువు. పరువు పోతుందన్న భయంతోనైనా ఎక్కణ్ణుంచో తెచ్చి కడతాడని. లెక్కకి ఒక ముగింపు ఉంటుంది, జవాబు వస్తే ప్రశ్న అయిపోతుంది. పరువు తీయడానికి ముగింపు లేదు. "మీరు కూడా అడ్డం తిరిగితే" అన్న ఆవిడ మాటలో ఈ రెండూ కలిసిపోయాయి. అలా కలిసిపోవడం సహజమే, ఇంట్లో భయం అలాంటిది. బయటివాళ్ళం మనం కలపకూడదు. నిజానికి ఆ కుటుంబాన్ని అరుగు మీది మనుషుల నుంచి కాపాడగలిగింది ఆ కోర్టే. అప్పుని వీధిలోంచి తీసి గదిలో పెట్టడమే ఐపీ చేసే అసలు పని. అయితే ఆ గదిలో ప్రశ్నలు ఉంటాయి. రక్షణ కావాలి, ప్రశ్నలు వద్దు అంటే కుదరదు.

1920 చట్టంలో 42వ సెక్షన్‌ని నేను నీతిగ్రంథంలా చదివాను. దివాలా తీసిన మనిషిని బాకీల నుంచి పూర్తిగా విడుదల చేయకుండా ఆపే కారణాలు అందులో ఉన్నాయి. ఆస్తులు రూపాయికి ఎనిమిదణాలకి కూడా సరిపోకపోవడం మొదటిది. వెంటనే ఒక మినహాయింపు: అలా జరగడానికి తన తప్పు లేదని కోర్టుని ఒప్పించగలిగితే సరే. ఆ తర్వాత లెక్కల పుస్తకాలు రాయకపోవడం, మునిగిపోయానని తెలిశాక కూడా వ్యాపారం సాగించడం, తీర్చగలనన్న ఆశ ఏమాత్రం లేకుండానే అప్పు చేయడం, ఆస్తి ఎలా కరిగిందో చెప్పలేకపోవడం, జూదం, దుబారా. జాగ్రత్తగా చూస్తే ఇందులో "తీర్చలేకపోవడం" తప్పుగా లేదు. ఎలా అప్పు చేశావు, ఎలా ఖర్చుపెట్టావు, అడిగితే చెప్పగలవా, ఇవే ప్రశ్నలు.

1785లో కాంట్ అబద్ధపు వాగ్దానానికి ఉదాహరణగా అప్పునే ఎంచుకున్నాడు. తిరిగివ్వలేనని ముందే తెలిసి, ఇస్తానని చెప్పి తీసుకునే మనిషి. ఆ మనిషి తప్పు చేసింది అప్పు తీసుకున్న క్షణంలో. గడువు నాటికి చేతిలో డబ్బు లేకపోవడం వేరే సంగతి. మన పాత ధర్మశాస్త్రాలూ ఇలాంటి గీతే గీశాయి. తండ్రి అప్పు కొడుకు తీర్చాలన్నాయి గానీ, జూదానికీ తాగుడుకీ చేసిన అప్పుకి కొడుక్కి బాధ్యత లేదన్నాయి. తండ్రి అప్పు కొడుకు మీద పడే ఆ పద్ధతిని 2005 హిందూ వారసత్వ సవరణ చట్టం అప్పటి నుంచి చేసే అప్పుల విషయంలో ఎత్తేసింది. కానీ అప్పులన్నీ ఒకటి కావు, అప్పు వెనక కథ అడగాలి అన్న ఆలోచన మాత్రం పాతదే.

బట్టలకొట్టాయన కథలో రెండు ముక్కలున్నాయి. లాక్‌డౌన్ ఆయన తప్పు కాదు. ఆ ముక్కకి ఆయన ఎవరికీ తలవంచక్కర్లేదు. ఇల్లు బావమరిది పేరున రాయడం లాక్‌డౌన్ చేసిన పని కాదు. మనకి కష్టంగా ఉండేది ఈ రెండు ముక్కలూ ఒకే మనిషిలో ఉన్నాయని ఒప్పుకోవడం. నిజంగా మునిగినవాడు కూడా మునిగే ముందు చేతికందింది దాచుకోవచ్చు. దాచుకున్నాడు కాబట్టి మునగలేదని అనలేం, మునిగాడు కాబట్టి దాచుకోవడం ఒప్పనీ అనలేం. ఆయన స్థానంలో ఉంటే, పెళ్ళి కావాల్సిన కూతురుంటే, ఇల్లు కాపాడుకోవాలని ఎవరికనిపించదు? అనిపించడం అర్థమవుతుంది. కానీ ఆ ఇంట్లో మిగతా ముప్పై మందితో పాటు మా అత్త ముప్పై ఆరేళ్ళ ఉద్యోగం కూడా కొంత ఉంది.

ఇక్కడ ఇంకో వాదన వస్తుంది. వచ్చింది కూడా. "అన్నేళ్ళు రెండు రూపాయల వడ్డీ తిన్నారుగా, ఇంకేం పోయింది?" వడ్డీ అంటేనే రిస్కుకి వెల. వెల పుచ్చుకున్నాక నష్టం వస్తే ఏడవకూడదు. బ్యాంకుల విషయంలో ఈ వాదన నాకు నచ్చుతుంది. వెయ్యి అప్పులిచ్చినవాళ్ళు యాభై పోతాయని ముందే లెక్కేసుకుంటారు. వాళ్ళకి పోయినదానికి "హెయిర్‌కట్" అని ఒక ముద్దుపేరు కూడా ఉంది. కంపెనీ అప్పు సగం పోతే హెయిర్‌కట్, మనిషి అప్పు సగం పోతే ఎగ్గొట్టడం. మా అత్తకి వెయ్యి అప్పులు లేవు, ఒకటే ఉంది. ఆవిడ ఆ వడ్డీని రిస్కుకి వెల అనుకోలేదు, తెలిసినవాడి దగ్గర డబ్బు భద్రంగా ఉందనుకుంది. అనుకోవాల్సింది కాదేమో. అయినా ఆవిడ పుచ్చుకున్న వడ్డీ నష్టాన్ని భరించడానికి సరిపోతుందంటే ఒప్పుకుంటాను. దాచిన ఇంటిని కూడా భరించడానికి సరిపోతుందంటే ఒప్పుకోను. రిస్కు వ్యాపారంలో ఉంటుంది. దాచడం రిస్కు కిందికి రాదు.

అప్పులవాళ్ళందరినీ ఒక గాట కట్టడం ఇంకోరకంగా కూడా తప్పు. తనఖా ఉన్నవాళ్ళని ఈ చట్టం ముట్టుకోదు. బ్యాంకు తన సరుకు తను తీసుకుని పక్కకి తప్పుకుంటుంది. మిగిలినదాంట్లో ప్రభుత్వ బాకీలకి ముందు వరస. ఆ వరసలోనే గుమాస్తాలకీ పనివాళ్ళకీ నాలుగు నెలల జీతం బాకీ, కానీ చట్టం అసలు పాఠంలో దానికి పరిమితి 20 రూపాయలు. ఆ తర్వాతే నోటు అప్పులవాళ్ళు, ఉన్నదాన్ని దామాషాలో పంచుకుంటారు. అంటే కోర్టు హాల్లో ఒకరికెదురుగా ఒకరు నిలబడేది ఎక్కువగా ఇద్దరు బలహీనులు. బలమున్నవాళ్ళు ముందే వాటా తీసుకుని వెళ్ళిపోయి ఉంటారు. అప్పు తీసుకున్నవాడంటే పేదవాడు, అప్పిచ్చినవాడంటే షావుకారు అని సినిమాలు చూసి మనకి ఏర్పడిన బొమ్మ చిన్న ఊరి ఐపీల్లో చాలాసార్లు పనికిరాదు. చిట్టీల ఐపీలైతే మరీను. అక్కడ ప్రతివాదులు కుట్టుమిషను ఆవిడ, పాలవాడు, వంటలు చేసే ఆవిడ.

అయితే లెక్క అడిగే హక్కుకి ఒక హద్దు ఉండాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ఆ హద్దుని వస్తువులతో చెబుతుంది. ఏ డిక్రీ వచ్చినా జప్తు చేయకూడనివి: కట్టుకునే బట్టలు, వంటపాత్రలు, మంచాలు, పక్కబట్టలు, మతాచారం ప్రకారం స్త్రీ వంటి మీదనుంచి తీయకూడని నగలు, చేతిపని చేసేవాడి పనిముట్లు, రైతు కాడీ నాగలీ. అంటే మంగళసూత్రం, గిన్నెలు, సుత్తి. మనిషి రేపు పొద్దున్న లేచి వండుకుని పనికెళ్ళగలగాలి. అంతకు కిందికి ఏ అప్పూ దిగకూడదు. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఇదే సంగతిని ఇంకోవైపు నుంచి తేల్చారు. డబ్బు లేక కట్టలేనివాణ్ణి జైల్లో పెట్టడం కుదరదు, ఉండి కూడా దురుద్దేశంతో కట్టనివాడి మాట వేరు. ఆ జాబితాలో పరువు అనే వస్తువు పేరు లేదు. నా దృష్టిలో గిన్నెల పక్కన దాన్నీ రాసుకోవాలి. కాలేజీ గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు జప్తు చేయకూడనిదాన్ని జప్తు చేశారు.

మా అత్త కౌంటరు వేసింది. దాదాపు నాలుగేళ్ళు పట్టింది. బోనులో ఆయన్ని ఇంటి గురించి అడిగారు. బావమరిది ఎంత ఇచ్చాడు, ఏ ఖాతాలో పడింది, ఆ డబ్బేమైంది. ఆయన మొదట ఏదో చెప్పాడు, తర్వాత తల దించుకుని ఇచ్చింది లేదన్నాడు. ఆ అమ్మకం రద్దయింది. ఇల్లు వేలమయ్యాక అందరికీ రూపాయికి ముప్పై పైసల చొప్పున వచ్చింది. ఆయన ఇప్పుడు వేరే ఊళ్ళో ఎవరిదో కొట్టులో పనిచేస్తున్నాడు. బతికే ఉన్నాడు. ఇది రాయాల్సిన విషయమే అనిపించి రాస్తున్నాను.

"క్షమించేశావా?" అని మా అత్తనడిగాను. "క్షమించమని నన్నెవరడిగారు? కోర్టునడిగారు" అంది.

ఆ మాటలో చట్టానికి అందని ఒక చోటుంది. మన నమ్మకంలో ఋణం అంత తేలిగ్గా పోయేది కాదు. ఈ జన్మలో తీరనిది వచ్చే జన్మలో బిడ్డగానో ఎద్దుగానో పుట్టి తీర్చుకోవాలంటారు. మనుషుల మధ్య ఉన్న బంధాన్నే ఋణానుబంధం అంటాం. అలాంటి భాషలో "డిశ్చార్జి" అనే మాటకి సరైన తెలుగు లేకపోవడంలో వింత లేదు. డబ్బు బాకీని కోర్టు తుడవగలదు, తుడవాలి కూడా. ఒక వ్యాపారం పోయినంత మాత్రాన మనిషి జీవితమంతా తాకట్టులో ఉండకూడదు. కానీ కోర్టు తుడిచింది అప్పులవాళ్ళ తరఫున క్షమాపణ కాదు. అది ఆ ఇద్దరి మధ్యే తేలాలి, తేలకపోనూవచ్చు. కోర్టు మా అత్తకి చేయగలిగిందల్లా ఆవిడ ప్రశ్నకి ఆయన చేత జవాబు చెప్పించడం. ఆవిడకి రావాల్సినవాటిలో డబ్బు కాకుండా ఇంకోటి కూడా ఉందని, అది పూర్తిగా వసూలైందని నాకనిపిస్తుంది.

ఇప్పుడు మన తరానికి ఐపీ అక్కర్లేకుండానే ఇదంతా జరిగిపోతోంది. క్రెడిట్ కార్డు బాకీ పెరిగిపోతే బ్యాంకువాళ్ళే ఫోన్ చేసి సగానికో ముప్పాతికకో సెటిల్ చేసుకుంటారు. సిబిల్ రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది. ఎందుకు తీర్చలేకపోయావని అక్కడెవరూ అడగరు, ఎదురుగా ఎవరి మొహమూ ఉండదు. సుఖంగానే ఉంటుంది. దానికి అలవాటుపడి మనం మొహమున్న అప్పుల్ని కూడా అలాగే చూడటం మొదలుపెడతామేమోనన్నదే నా భయం. స్నేహితుడి దగ్గర తీసుకున్న యాభై వేలు, అక్క గాజులు పెట్టి తెచ్చిన లక్ష. ఇవ్వలేని రోజు ఎవరికైనా రావచ్చు. ఆ రోజు ఫోన్ ఎత్తి, "నా దగ్గర ఇంతే ఉంది, మిగతాది ఇలా పోయింది" అని చెప్పడానికి డబ్బు అక్కర్లేదు.